ఒకే బడి.. రెండు సెక్షన్లు.. ఓ 0.4

“ఒరేయ్, పాపని ఏ బళ్లో వెయ్యమంటావురా?”

2025 మే నెలాఖరు. హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం రిలీజ్ ఉంది, టీమ్ అంతా కాల్‌లో ఉన్నాం. ఫోన్ మీద వాడి పేరు చూసి కట్ చెయ్యబోయాను. కానీ వాడు ఊరికే ఫోన్ చేసే రకం కాదు. పండగలకి వాట్సాప్‌లో ఓ బొమ్మ పెడతాడు, అంతే. కాల్ మ్యూట్‌లో పెట్టి, బయటికొచ్చి ఎత్తాను.

వాడి కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చాలి. ఇంటి దగ్గరే మునిసిపల్ స్కూల్ ఉంది. రెండు వీధుల అవతల ప్రైవేట్ స్కూల్ ఉంది, దానికి పసుపు రంగు బస్సు కూడా ఉంది. ఇంట్లో ఆవిడ ప్రైవేటే అంటోంది. “నువ్వు చదువుకున్నోడివి కదా, నువ్వేం చెబితే అది చేస్తా” అన్నాడు.

ఏ ల్యాప్‌టాప్ కొనాలి, ఏ కోర్సు నేర్చుకోవాలి అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఠక్కున చెప్పేస్తాను. ఈ ప్రశ్నకి మాత్రం నోరు పెగల్లేదు. “ఊరొచ్చినప్పుడు మాట్లాడదాంరా” అని పెట్టేశాను.

ఎందుకంటే వాడూ నేనూ చదివింది ఒకే బడి. నేను ఇలా వచ్చాను, వాడు అలా ఉండిపోయాడు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలుసు. వాడికి చెప్పని విషయం కూడా ఒకటి నా దగ్గర ఉంది.

‘కాన్వెంట్ నుంచి వచ్చినోళ్లు ఇటు’

మాది రాజమండ్రి. నాన్న తాడితోట బట్టల మార్కెట్లో గుమస్తా. అమ్మ ఇంట్లో చీరలకి ఫాల్స్ కుట్టేది. ఐదో తరగతి దాకా మా సందు చివర ఓ కాన్వెంట్‌లో చదివాను. పేరుకే కాన్వెంట్, నిజానికి రేకుల షెడ్డు. ఫీజు బాకీ పెరిగిపోయాక ఆరో తరగతికి నన్ను మునిసిపల్ హైస్కూల్లో వేశారు. అది 2008.

సరిగ్గా ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ‘సక్సెస్ స్కూల్స్’ మొదలుపెట్టింది. వేల హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి తెలుగు మీడియం పక్కనే ఇంగ్లీష్ మీడియం సెక్షన్ తెరిచారు. ఆలోచన మంచిదే. ఫీజు కట్టలేని ఇంటి పిల్లాడికి కూడా ఇంగ్లీష్ చదువు అందాలి అని.

మా బళ్లో మొదటి పది రోజులు అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. నా పక్కన వాడు. మునిసిపల్ ప్రైమరీ స్కూల్ నుంచి వచ్చాడు. వాళ్ల నాన్న గోదాట్లో ఇసుక పడవ మీద పనిచేసేవాడు. ఇరవయ్యో ఎక్కం వెనక నుంచి ముందుకు కూడా అప్పజెప్పేవాడు వీడు. నాకు భిన్నాలు బుర్రకెక్కకపోతే చేగోడీ తీసుకుని నాలుగు ముక్కలు చేసి, మూడు వాడు తినేసి, “ఇప్పుడు నీకెంత మిగిలింది?” అన్నాడు. ఆ లెక్క నేను ఈ జన్మకి మర్చిపోను.

పదకొండో రోజు ఓ మాస్టారు వచ్చి, “కాన్వెంట్ నుంచి వచ్చినోళ్లు ఇటు, మిగతావాళ్లు అటు” అన్నారు. పరీక్ష లేదు, ప్రశ్న లేదు. అప్పటికి నాకొచ్చిన ఇంగ్లీష్ మొత్తం కలిపితే ఓ లీవ్ లెటర్. అయినా నేను ఇటు వచ్చాను. ఎక్కాలు వెనక నుంచి చెప్పేవాడు అటు వెళ్లాడు. మాది ‘ఏ’ సెక్షన్, వాళ్లది ‘బి’ సెక్షన్.

తర్వాత ఐదేళ్లూ అదే కాంపౌండ్, అదే గంట, అదే ప్రార్థన. బడి మాత్రం రెండయింది.

టీచర్లు తక్కువ. ఉన్నవాళ్లలో ఇంగ్లీషులో చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లని మాకు వేశారు. ఎనిమిదో తరగతిలో ‘బి’ సెక్షన్‌కి లెక్కల మాస్టారు బదిలీ అయితే, ఆ ఏడాది చాలా నెలలు ఆ పీరియడ్‌లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వెళ్లి కూర్చునేవారు. ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే ముందు మా గదికి తీసుకొచ్చేవారు. ఎవరూ కావాలని చేసింది కాదు. మా టీచర్లలో చెడ్డవాళ్లు ఎవరూ నాకు గుర్తులేరు. ఉన్న కొంచెంలో ఎవరికి ఎక్కువ పెట్టాలి అని లెక్కేసుకున్నప్పుడు, పైకొస్తాడనిపించిన వాడికి పెట్టారు. పైకొస్తాడని ఎలా అనిపించిందంటే, వాడు ‘ఏ’ సెక్షన్‌లో ఉన్నాడు కాబట్టి!

మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం అందరికీ ఒకటే లైను ఉండాలి. కానీ మా సెక్షన్‌లో సగం మంది ఇంటి నుంచి బాక్సులు తెచ్చుకునేవాళ్లం. ఇంట్లో ఉండి కాదు. ఆ లైన్లో నిలబడితే ‘బి’ సెక్షన్ అనుకుంటారని. ఇప్పుడా భోజనానికి మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాడి కులం, గోత్రం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నా స్టీలు బాక్సు గుర్తొస్తుంది.

ఆడపిల్లల సంగతి మాకు అప్పుడు తెలియనే లేదు. ఈమధ్య మా పదో తరగతి వాట్సాప్ గ్రూప్‌లో ఒకమ్మాయి రాసింది, “ఐదేళ్లు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగలేదు. ఆ బాత్రూమ్‌కి వెళ్లలేక.” కింద వరసగా పదకొండు మంది అమ్మాయిలు “నేనూ” అని పెట్టారు. ‘ఏ’ సెక్షన్, ‘బి’ సెక్షన్ తేడా లేదు అందులో. 1874లోనే కందుకూరి వీరేశలింగం గారు పక్కనున్న ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారని మాకు పాఠంలో చెప్పారు. ఆ పాఠం వింటున్న ఆడపిల్లలు దాహంతో కూర్చున్నారని మాకెవరికీ తట్టలేదు.

గోదారి వచ్చినప్పుడు

మాకు గోదారంటే పుష్కర ఘాట్, సాయంత్రం గాలి, ఆర్చ్ బ్రిడ్జి మీద రైలు. వాడికి గోదారంటే ఇల్లు. వాళ్లది నది మధ్య లంక. రోజూ పడవ దాటి వచ్చేవాడు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. జులై, ఆగస్టుల్లో టీవీలో ఈ అంకెలు వింటుంటే మాకు ఎగ్జైటింగ్‌గా ఉండేది. రేపు బడికి సెలవిస్తారా లేదా అని పందేలు కాసేవాళ్లం. వాళ్లు మాత్రం గిన్నెలు, గుడ్డలు, కోళ్లు పడవలో వేసుకుని ఊళ్లోకి వచ్చేసేవారు. లంకల వాళ్లని ఎక్కడ పెడతారు? కల్యాణ మండపాల్లో, బళ్లలో.

ఓ ఏడాది మా బళ్లోనే పెట్టారు. సెలవులయ్యాక వెళ్తే ‘బి’ సెక్షన్ గదుల్లో ఇంకా జనం ఉన్నారు. వాడి బెంచీ మీద వాళ్లమ్మ వంట సామాను. వాడు కిటికీ దగ్గర నిలబడి, “ఒరేయ్, రాత్రి మా క్లాసులోనే పడుకున్నాన్రా” అని నవ్వాడు. మా సెక్షన్‌కి ఆ రోజు నుంచే క్లాసులు మొదలయ్యాయి, మాది పై అంతస్తు మరి. వాళ్లకి గదులు ఖాళీ అయ్యి, కడిగి, మళ్లీ మొదలయ్యేసరికి ఇంకో వారం పట్టింది. క్వార్టర్లీ పేపరు మాత్రం ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చారు.

వాడు తడిసిన పుస్తకాలు ఎండలో పేజీ పేజీ విడదీసి ఆరబెట్టుకున్నాడు. లెక్కల్లో నాకంటే రెండు మార్కులు ఎక్కువే తెచ్చుకున్నాడు.

‘బస్ పాస్ ఫారం’

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంటుంది. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. 2008లో కేంద్రం పెట్టింది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో చదివే పేద పిల్లల కోసమే. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా డబ్బులిస్తారు. అప్పట్లో ఏడాదికి 6 వేలు. 2017 నుంచి 12 వేలు చేశారు. ఒక పేపర్లో తెలివికి సంబంధించిన ప్రశ్నలు, ఇంకో పేపర్లో లెక్కలు, సైన్స్, సోషల్. సీట్లు జిల్లాల వారీగా ఉంటాయి.

ఆ సర్క్యులర్ మా సెక్షన్‌లో చదివారు. ‘బి’ సెక్షన్‌లో చదవలేదు. బహుశా ఆ పీరియడ్‌లో అక్కడ ఎవరూ లేరేమో, బహుశా వాళ్లకెందుకులే అనుకున్నారేమో. ఫారం తీసుకుని సాయంత్రం వాడితో కలిసి కోటిపల్లి బస్టాండ్ వైపు నడుస్తున్నాను.

“ఏంట్రా ఆ కాగితం?” అన్నాడు.

“ఏం లేదురా, బస్ పాస్ ఫారం” అన్నాను.

అంతే. పదమూడేళ్ల పిల్లాడు ఒక్క సెకనులో చెప్పిన అబద్ధం. కానీ ఆ సెకనులో నా బుర్రలో లెక్క మొత్తం నడిచింది. జిల్లాకి ఇన్నే సీట్లు. లెక్కలు వీడికి నాకంటే బాగా వచ్చు. వీడు రాస్తే నా సీటు వీడికి పోవచ్చు. ‘బి’ సెక్షన్‌లో ఆ సర్క్యులర్ చదవకపోవడం బడి చేసిన తప్పయితే, రెండో తప్పు నేను చేశాను. అదీ తెలిసే చేశాను.

నాకు స్కాలర్‌షిప్ వచ్చింది. తొమ్మిది, పదిలో పుస్తకాలకి, ట్యూషన్‌కి నాన్నని అడగలేదు. వాడు ఆ రెండేళ్లూ ఆదివారాలు నాన్నతో కలిసి ఇసుక తట్టలు మోశాడు.

ప్రభుత్వం కట్టిన విలువ

2013లో పదో తరగతి ఫలితాలొచ్చాయి. అప్పుడు మార్కులు లేవు, గ్రేడ్లు. నాకు 9.5, వాడికి 8.7.

నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, 2008లో పెట్టారు. అప్పట్లో పదో తరగతి గ్రేడ్లతోనే సీటు, ఆరేళ్ల కోర్సు. రెండేళ్లు ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్లు బీటెక్, ఉండటం కూడా అక్కడే. ఎంట్రన్స్ కోచింగ్‌కి లక్షలు పెట్టలేని ఇళ్లకి అది వరం. అప్పుడు అందులో ఓ నిబంధన ఉండేది. హాస్టల్ లేని ప్రభుత్వ బళ్లలో చదివినవాళ్లకి జీపీఏకి 0.4 కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అంటారు. అంటే, నీకు అందాల్సింది అందలేదు, అందుకు పరిహారం ఇది అని. గురుకులాల పిల్లలకి కలిపేవారు కాదు, వాళ్లకి ఉండే చోటు, చదివించేవాళ్లు ఉన్నారు కాబట్టి.

నేను ఆ నిబంధన మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయాను. లేని మాస్టారు, తిరగని ఫ్యాను, తాగని మంచినీళ్లు, ఆరబెట్టుకున్న పుస్తకాలు, అన్నీ కలిపి ఎంత? 0.4. ప్రభుత్వమే ఒప్పుకుంది తేడా ఉందని. దానికో అంకె కూడా వేసింది.

నాది 9.9 అయింది. సీటొచ్చింది. వాడిది 9.1 అయింది. రాలేదు.

0.4 ఇద్దరికీ కలిపారు. కానీ మా ఇద్దరి మధ్య ఉన్న 0.8 ఎక్కడిది? అది ప్రభుత్వ బడికీ ప్రైవేట్ బడికీ మధ్య తేడా కాదు. ఒకే బళ్లో పై అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య తేడా. దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

నేను చేసే పని భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ తప్పు సమాధానం ఇస్తుంటే చివర్లో కొంత కలిపి సరిచెయ్యొచ్చు. స్క్రీన్ మీద అంకె బాగానే కనిపిస్తుంది. తప్పు మాత్రం లోపల అలాగే ఉంటుంది. రేపు ఇంకోచోట బయటపడుతుంది. ఆ 0.4 వద్దని నేననను. అది లేకపోతే నేను లేను. కానీ అది చివర్లో కలిపిన అంకె. ఎనిమిదో తరగతిలో రావాల్సిన మాస్టారు కాదు.

1966లో రెండు నివేదికలు

ఇది మా ఒక్క బడి కథే అనుకునేవాణ్ని. నూజివీడులో చేరాక రాత్రుళ్లు హాస్టల్లో మాట్లాడుకుంటుంటే, శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎవరిని కదిపినా ఇదే కథ, ఊరి పేరే మారేది. అప్పుడు దీని గురించి వెతికి చదవడం మొదలుపెట్టాను.

1964లో మన దేశంలో డి.ఎస్. కొఠారి అధ్యక్షతన విద్యా కమిషన్ వేశారు. 1966లో నివేదిక ఇచ్చింది. అందులో ముఖ్యమైన మాట కామన్ స్కూల్. డబ్బున్నవాళ్ల పిల్లలకి ఒక బడి, లేనివాళ్ల పిల్లలకి ఒక బడి కాకుండా, ఆ పేటలో ఉన్న పిల్లలందరూ కలిసి చదివే మంచి బడి ఉండాలన్నారు. అదే ఏడాది అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త నివేదిక వచ్చింది. 6 లక్షల మందికి పైగా విద్యార్థుల్ని పరిశీలించి చేసిన అధ్యయనం. బిల్డింగులు, సామాన్లలో ఉన్న తేడా కంటే, పిల్లాడు ఏ ఇంటి నుంచి వచ్చాడు, పక్కన ఎవరితో కలిసి చదువుతున్నాడు అనేవే ఫలితాల్ని ఎక్కువగా మారుస్తున్నాయని అందులో తేలింది.

పక్కన ఎవరున్నారు! ఆ ముక్క చదవగానే నాకు చేగోడీ గుర్తొచ్చింది. ఆ పది రోజులు వాడి పక్కన కూర్చుని నేను లెక్కలు నేర్చుకున్నాను. నా పక్కన కూర్చుని వాడు నా లీవ్ లెటర్ నేర్చుకునేవాడేమో. విడదీయడం వల్ల ఇద్దరం నష్టపోయాం, వాడు ఎక్కువ, నేను తక్కువ.

మా ఊళ్లో తేడా రెండు అంతస్తుల మధ్య అయితే, కాస్త కిందికి, కోనసీమ లంకల్లోకి వెళ్తే అది రెండు ఒడ్ల మధ్య. 2018 జులై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గోదావరిలో పడవ మునిగింది. బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న పిల్లలున్నారు అందులో. కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. రావాల్సిన వంతెన రాలేదు, సగం కట్టిన వంతెనే పిల్లల ప్రాణం తీసింది. ఆ వార్త నేను నూజివీడు హాస్టల్లో ఫోన్‌లో చూశాను. వెంటనే వాడికి ఫోన్ చేశాను. ఎందుకో తెలీదు, వాడు అప్పటికే లంక వదిలి ఊళ్లోకి వచ్చేశాడు. “చూశావా?” అన్నాను. “చూశాను. రోజూ దాటేవాణ్ని కదరా” అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

గోడలు మారాయి, మరి లోపల?

2025 జూన్‌లో బళ్లు తెరవబోతున్నాయనగా శనివారం ఊరెళ్లాను. వాడు ఇంటర్ మధ్యలో ఆపేశాడు. నాన్నకి నడుం పట్టేస్తే మోటార్ వైండింగ్ షాపులో పనికి చేరాడు. ఇప్పుడు సొంత షాపు. ఏ మోటారుకి ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు అన్నది కాగితం లేకుండా చెబుతాడు. ఆ లెక్కలు అటు వెళ్లాయి.

ఇద్దరం కలిసి పాపకోసం మునిసిపల్ స్కూల్ చూడ్డానికి వెళ్లాం. నిజం చెప్పాలి, గేటు దగ్గరే ఆశ్చర్యపోయాను. టైల్స్, రంగులు, ఫ్యాన్లు, తాగే నీళ్ల ప్లాంటు, గోడకి స్మార్ట్ టీవీ. ముందుగా బాత్రూమ్ తలుపు తీసి చూశాను, కుళాయి తిప్పాను. నీళ్లొచ్చాయి. మా గ్రూప్‌లో ఆ పదకొండు మంది అమ్మాయిలు గుర్తొచ్చారు.

2019 నవంబర్ 14న ‘మన బడి నాడు–నేడు’ మొదలైంది. మొదటి విడతలో 15,715 బళ్లు బాగుచేశారు. 2021 ఆగస్టు 16న వాటిని ప్రజలకి అంకితం చేసింది కూడా మన పి. గన్నవరంలోనే. ఇంగ్లీష్ మీడియం మీద జీవో వచ్చింది, కోర్టు కేసులు నడిచాయి. 2022లో 117 జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి పంపారు. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, బళ్లని తొమ్మిది రకాలుగా మార్చింది. ప్రైవేట్ బళ్లలో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద పిల్లలకివ్వాలన్న నిబంధన 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉన్నా, మన రాష్ట్రంలో 2022–23 నుంచి గానీ కదల్లేదు.

పార్టీల సంగతి పక్కన పెడదాం. గోడలు మారడం చిన్న విషయం కాదు, నీళ్లు రావడం అసలు చిన్న విషయం కాదు. కానీ మా ఇద్దరి మధ్య తేడా తెచ్చింది గోడలు కాదు. మా రెండు గదుల గోడలూ ఒకే ఏడాది కట్టారు.

అందుకే టైల్స్ చూడ్డం ఆపి, అక్కడున్న మేడమ్ గారిని నాలుగు ప్రశ్నలు అడిగాను. మీ ఇంట్లో, మీ వీధిలో పిల్లలుంటే మీరూ అడగండి. ప్రభుత్వ బడైనా, ప్రైవేట్ బడైనా.

ఒకటి, ఎన్ని తరగతులకి ఎంతమంది టీచర్లు? ఒకే టీచర్ రెండు, మూడు తరగతులు చూసుకుంటున్నారా? రెండు, పిల్లల్ని సెక్షన్లుగా, గ్రూపులుగా విడదీస్తారా, దేన్నిబట్టి? మూడు, టీచర్ బదిలీ అయితేనో, సెలవు పెడితేనో ఆ క్లాస్ ఎవరు తీసుకుంటారు? నాలుగు, స్కాలర్‌షిప్, నవోదయ, గురుకులం లాంటి వాటి నోటిఫికేషన్ వస్తే ఎవరెవరికి చెబుతారు?

మేడమ్ గారు విసుక్కోలేదు. మూడింటికి సూటిగా జవాబు చెప్పారు. నాలుగో ప్రశ్నకి మాత్రం కాస్త ఆగి, “అది మాకూ కొన్నిసార్లు ఆఖరి రోజుల్లో తెలుస్తుందండి” అన్నారు.

గట్టు మీద

సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. మూడు నెలలుగా మనసులో రాసుకుంటున్న డైలాగ్ ఒకటి ఉంది. అది పోయింది. “ఒరేయ్, ఎనిమిదిలో నేను బస్ పాస్ ఫారం అన్నాను చూడు..” అని మొదలుపెట్టాను.

వాడు పూర్తి చెయ్యనివ్వలేదు.

“బస్ పాస్‌కి ఆదాయం సర్టిఫికెట్ అడగరు కదరా. మీ నాన్న ఎమ్మార్వో ఆఫీస్ దగ్గర లైన్లో ఉంటే మా నాన్న చూశాడు. దేనికండీ అంటే మీ నాన్నే చెప్పాడంట. అప్పటికి గడువు అయిపోయింది.”

“మరి అప్పుడే అడగలేదే?”

“అడిగితే ఏం చేస్తావు? నువ్వు చెప్పకపోవడం ఒకటి. మా క్లాసులో చెప్పాల్సినోళ్లు చెప్పలేదు కదా. నీ ఒక్కడి మీద ఏడిస్తే నాకు సరిపోద్దా?” అన్నాడు. తర్వాత కాస్త ఆగి, “బాధ పడలేదని కాదు. పడ్డాను. చాలా రోజులు పడ్డాను” అన్నాడు.

పర్లేదురా అని వాడు అనలేదు. అననందుకు నాకు మంచిదే అనిపించింది.

పాపని మునిసిపల్ స్కూల్లోనే వేశాడు. నేను చెప్పానని కాదు, నేనేమీ చెప్పలేదు. “నెలకోసారి వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలు అడుగుతా. సమాధానం తేడా వస్తే మారుస్తా” అన్నాడు. వాళ్లావిడ ఇంకా అలిగే ఉంది. ఆవిడ భయం కూడా నాకు అర్థమవుతుంది. ఆవిడా ‘బి’ సెక్షన్‌లో చదివిన మనిషే.

దసరాకి మళ్లీ వెళ్లాను. వాడి షాపు షట్టర్ పక్కన వైండింగ్ రేట్ల బోర్డు ఉంటుంది. దాని కింద ఓ ప్రింటవుట్ అంటించి ఉంది, ప్లాస్టిక్ కవర్ తొడిగి. పెద్ద అక్షరాలతో ‘ఎనిమిదో తరగతి పిల్లలకి’ అని రాసుంది. ఎన్ఎంఎంఎస్ అంటే ఏంటి, ఎంత ఇస్తారు, ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి. ఆఖర్న వాడి చేతిరాతలో ఒక లైను, ‘ఏ సెక్షన్ అయినా రాయొచ్చు.’

నేనక్కడ ఉండగానే బళ్లోంచి వస్తున్న ఇద్దరు పిల్లలు సైకిల్ ఆపి చదివారు. ఒకడు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. రెండోవాడు, “నాకూ పంపరా” అన్నాడు.

మొదటివాడు పంపించాడు.